బ్రేకులో తేడా వస్తే ప్యాడ్లొక్కటే కారణం కాదు

బెంగళూరులో మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాకా రోజూ కారు నడిపితే బ్రేక్ ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని రెండు పక్కలా నొక్కి ఆపే పలకలు) త్వరగానే అరుగుతాయి. అందుకే బ్రేకులో ఏ తేడా అని చెప్పినా గ్యారేజీలో ముందు ప్యాడ్లు మార్చేస్తారు. సగం సార్లు జబ్బు ఇంకోచోట ఉంటుంది.

కారు ఒక పక్కకి లాగుతోంది: మొదట టైర్లలో గాలి చూడండి. నా కారు బ్రేక్ కొడితే ఎడమకి లాగేది. ఒక గ్యారేజీలో రెండు డిస్కులూ మార్పించుకున్నా, లాగడం తగ్గలేదు. కె.ఆర్.పురంలో చిత్తూరు మెకానిక్ కుర్రాడు ఒకడు "బ్రేక్ ఎక్కువ కొట్టకుండా పది కిలోమీటర్లు తోలుకుని రా అన్నా" అన్నాడు. వచ్చాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు (డిస్క్‌ని మాత్రం ముట్టుకోవద్దు, కాలుతుంది). ఎడమది సెగలు కక్కుతోంది, కుడిది చల్లగా ఉంది. కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీదికి నొక్కే భాగం) జారే పిన్నుకి గ్రీజు ఎండిపోయి పట్టేసింది. ప్యాడ్ డిస్క్‌ని వదలడం లేదు. పిన్ను శుభ్రం చేసి, బ్రేకులకి వాడే గ్రీజు పూశాడు. అంతే, సరిపోయింది. డిస్కుల డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పెడల్ మెత్తగా దిగిపోతోంది: బ్రేక్ ఆయిల్ వెళ్ళే పైపుల్లో గాలి చేరింది, లేదా బ్రేక్ ఆయిల్ పాతబడింది. ఈ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. నంది హిల్స్ నుంచి బ్రేక్ మీదే కాలు పెట్టి దిగితే పెడల్ మెత్తబడేది ఇందుకే. కారు ఆపి చల్లారనివ్వండి, మిగతా దారంతా తక్కువ గేర్లో దిగండి. ఇంటికొచ్చాక ఆయిల్ మార్పించి, గాలి తీయించండి. రెండేళ్ళకోసారి మార్చడం మంచిది. సిగ్నల్లో తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి జారుతోందా? బయట ఎక్కడా లీకు లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని బ్రేకులకి నెట్టేది) లోపల సీలు పోయినట్టే.

పెడల్ రాయిలా గట్టిగా ఉంది: ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి. తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి. కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ (మన కాలి బలాన్ని పెంచే భాగం), దాని వాక్యూమ్ పైపు చూపించండి.

శబ్దం: వానలో తడిసిన కారు పొద్దున్నే గరగరమంటే డిస్క్ మీద తుప్పు, నాలుగు బ్రేకులకి పోతుంది. రోజంతా కీచుమంటే ప్యాడ్లు చూడండి, 3 మి.మీ.కి వస్తే మార్చాల్సిందే. ఇనుము రాసుకున్న శబ్దం వస్తే డిస్క్ కూడా పాడవుతోంది.

బ్రేక్ కొడితే స్టీరింగ్ వణుకుతోంది: డిస్క్ మందం అంతటా ఒకేలా లేదు. సడన్ బ్రేక్ కొట్టినప్పుడు మాత్రం పెడల్ టకటకా కొట్టుకుంటే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), టెన్షన్ అక్కర్లేదు.

డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్రేక్ లైటు: హ్యాండ్ బ్రేక్ దించినా వెలుగుతుంటే పక్కకి ఆపి బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది కాబట్టి ఊరికే ఆయిల్ పోసి వెళ్ళిపోవద్దు. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే నడపకండి, టోయింగ్ బండిని పిలవండి.