పాత ఊరిని నడిచి చదవడం – 3వ పాఠం: కోంక్ దారి, కోంక్ ద్వారం

గత రెండు పాఠాల్లో పటం మీద దూరం కొలవడం, కాంటూరు రేఖల (ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతల) దగ్గరితనాన్ని బట్టి ఎక్కుడు, దిగుడు అంచనా వేయడం సాధన చేశాం. ఈ పాఠంలో వాటిని ఒక ఊరి మీద ప్రయోగిద్దాం. దక్షిణ ఫ్రాన్స్‌లో అవేరొన్ జిల్లా కొండల మధ్య ఉన్న కోంక్ చాలా చిన్న ఊరు. ఊష్ వాగు, దుర్దు నది కలిసే చోటికి పైన, కొండవాలును పట్టుకుని ఉంటుంది. తులూజ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు వారాంతంలో కారులో వెళ్లి రావచ్చు. అయితే కారును ఊరి బయటే ఆపి, కొంత దూరమైనా కాలిబాటన ఊళ్లోకి రండి. ఈ ఊరు నడిచి వచ్చే యాత్రికుల కోసం పెరిగింది. వాళ్లు వచ్చిన వరుసలో చూస్తేనే ఏది ఎందుకు అక్కడ ఉందో తెలుస్తుంది.

ముందు దారి సంగతి. ల ప్యూయి పట్టణం నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో అనే క్రైస్తవ క్షేత్రం వైపు సాగే మధ్యయుగపు యాత్రామార్గం కోంక్ మీదుగా పోతుంది. ఇప్పుడు దాన్ని జి.ఆర్. 65 అనే సుదూర నడకదారిగా పిలుస్తారు. చెట్ల మొదళ్ల మీద, గోడల మీద, స్తంభాల మీద తెల్ల గీత, దాని కింద ఎర్ర గీత కనిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఆ రెండు రంగులూ అడ్డంగా కోసుకుని గుణకారపు గుర్తులా ఉంటే అటు వెళ్లకూడదు. గీతల కింద ఒక వైపు తిరిగిన బాణం ఉంటే మలుపు దగ్గర పడింది. పసుపు గీత ఒక్కటే ఉంటే అది స్థానికంగా చుట్టి వచ్చే చిన్న నడకదారి. చాలాసేపు ఏ గుర్తూ కనబడకపోతే ముందుకు పోవద్దు, చివరిసారి గుర్తు చూసిన చోటికి వెనక్కి రండి. కొత్తవాళ్లు పాటించవలసిన మొదటి నియమం ఇదే.

ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ భౌగోళిక సంస్థ, అంటే ఐ.జి.ఎన్., వేసిన 1:25,000 పటం తెరవండి. ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడవచ్చు. ఈ పటంలో 4 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. జి.ఆర్. 65 ఊరికి తూర్పున పీఠభూమి మీద నుంచి వచ్చి లోయలోకి దిగుతుంది. ఊళ్లో షార్లమేన్ వీధి గుండా ఇంకా కిందికి దిగి, బారీ ద్వారం దాటి, దుర్దు నది మీది పాత రాతి వంతెన చేరుతుంది. అవతలి ఒడ్డున రేఖలు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా ఉన్నాయి, చూడండి. ఆ నిట్టనిలువు ఎక్కుడులోనే సాంత్ ఫ్వా అనే పునీతురాలి చిన్న ప్రార్థనామందిరం ఉంది. పక్కన ఒక ఊట, దాని నీళ్లు కళ్లజబ్బులకు మంచివని పాత నమ్మకం. మందిరం దగ్గర నుంచి వెనక్కి తిరిగితే ఊరంతా ఒకేసారి కంటబడుతుంది. వాన పడిన మర్నాడు ఈ దారిలో రాళ్లు జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి, దిగేటప్పుడు తొందరపడకండి. అంత ఎక్కలేనివారికి ఎదుటి కొండ మీద బంకారెల్ అనే చోటు ఉంది, ఊరిని అక్కడి నుంచీ చూడవచ్చు.

దూరం నుంచి చూసేటప్పుడు రాయిని గమనించండి. ఇళ్ల కప్పులు బూడిదరంగు పలకరాళ్లు, గోడల్లోనూ ఎక్కువ భాగం అదే రాయి. కొండను తవ్వితే దొరికేది అదే మరి. మధ్యలో పసుపు ఛాయతో మెరిసే మఠాలయం, అంటే సన్యాసుల మఠపు చర్చి, మాత్రం వేరుగా కనిపిస్తుంది. దానికి వాడిన పసుపు సున్నపురాయిని చుట్టుపక్కల ప్రాంతం నుంచి పనిగట్టుకుని తెచ్చారు. పల్లెలో ఒక్క కట్టడానికి మాత్రమే వేరే రాయి వాడారంటే డబ్బు ఎక్కడ చేరిందో అక్కడ చూడాలి. ఇక్కడ డబ్బు యాత్రికులతో వచ్చింది. 9వ శతాబ్దంలో కోంక్ సన్యాసి ఒకరు అజాన్ పట్టణం నుంచి విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన బాలిక సాంత్ ఫ్వా అస్థికలను రహస్యంగా తీసుకొచ్చాడని మఠం కథలే చెబుతాయి. ఆ అస్థికల కోసం జనం వచ్చారు, ఆ జనం కోసం 11, 12 శతాబ్దాల్లో ఇంత పెద్ద ఆలయం లేచింది. లోపల గర్భస్థానం చుట్టూ నడవడానికి దారి ఉంది. మన గుడిలో ప్రదక్షిణ పథంలాగే, ప్రార్థనకు అడ్డం రాకుండా భక్తుల వరుస సాగిపోవడానికే దాన్ని కట్టారు.

ఇక ద్వారం. నా ఉద్దేశంలో ఈ పాఠానికి గుండెకాయ ఇదే, మీ సమయంలో సగం దీనికే ఇవ్వండి. పడమటి తలుపుల మీద అర్ధవృత్తాకారంలో చెక్కిన శిల్పఫలకం ఉంది. వెడల్పు సుమారు 6.7 మీటర్లు, అందులో 124 బొమ్మలు. 12వ శతాబ్దపు మొదటి భాగంలో చెక్కిన అంతిమ తీర్పు దృశ్యం ఇది, అంటే లోకాంతాన క్రీస్తు మనుషుల మంచిచెడ్డలు తేల్చే ఘట్టం. పడమటి వైపు ఉండటం వల్ల సాయంత్రపు ఎండ నేరుగా దీని మీద పడుతుంది, అప్పుడే వెళ్లండి. నీలం, ఎరుపు రంగుల జాడలు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి.

చదవడం మధ్యలో మొదలుపెట్టాలి. క్రీస్తు కుడిచేయి పైకెత్తి, ఎడమచేయి కిందికి దించి ఉన్నాడు. పైకెత్తిన చేయి వైపు, అంటే మన ఎడమవైపు, ధన్యులు. దించిన చేయి వైపు శిక్ష పడ్డవారు. ధన్యుల వరుసలో ముందు క్రీస్తు తల్లి మరియ, వెనుక తాళంచెవి పట్టుకున్న శిష్యుడు పీటర్. వారి తరవాత మఠాధిపతి ఒకరు కిరీటం ఉన్న రాజును చేయి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆ రాజు ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ అని పండితుల మాట, మఠానికి ఆయన దానాలిచ్చాడని ఇక్కడి సన్యాసులు చెప్పుకునేవారు. రాజు నడక చూడండి, వంగి, జంకుతూ ఉంటుంది. చక్రవర్తి అయినా సన్యాసుల సాయం లేకుండా స్వర్గం చేరలేడని రాతిలో చెప్పిన మఠం ధీమా అది.

క్రీస్తు పాదాల కింద త్రాసు. ఒక వైపు దేవదూత, ఎదురుగా దయ్యం. ఆ దయ్యం వేలు ఎక్కడుందో వెతకండి. తట్టను తన వైపు వంచడానికి నొక్కుతోంది! దాని కిందే స్వర్గద్వారం, నరకపు నోరు పక్కపక్కనే ఉన్నాయి. నరకంలో గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న యోధుడు అహంకారానికి గుర్తు. మెడలో డబ్బుసంచితో ఉరివేలాడుతున్నవాడు లోభి. అక్షరం రాని యాత్రికుడికి కూడా వీటికి వేరే వివరణ అక్కర్లేదు.

ఎడమవైపు మూలలో చిన్న దృశ్యం ఒకటి ఉంది, చాలామంది దాటిపోతారు. సాష్టాంగపడిన చిన్న అమ్మాయి, ఆమె వైపు మేఘంలోంచి చాచిన దేవుడి చేయి. ఆ అమ్మాయే సాంత్ ఫ్వా. ఆమె వెనుక తోరణాలకు సంకెళ్లు వేలాడుతున్నాయి. ఆమెను వేడుకుని చెరనుంచి బయటపడ్డవారు తమ సంకెళ్లు తెచ్చి ఇక్కడ సమర్పించుకునేవారు. అంత పెద్ద తీర్పు దృశ్యంలో ఈ ఊరు తన దేవత చోటును ఇలా చెక్కుకుంది.

అభ్యాసం: ఒక కాగితం మీద అర్ధవృత్తం గీయండి. మధ్యలో క్రీస్తు, కింద త్రాసు గుర్తు పెట్టండి. ఫలకం ముందో, పెద్ద ఫొటో ముందో కూర్చుని రాజు, లోభి, యోధుడు, సంకెళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే వెతికి గుర్తించండి. ఆ తరవాత ఫలకం అంచున రాతి పట్టీ వెనుక నుంచి తొంగిచూస్తున్న చిన్న ముఖాలను లెక్కపెట్టండి. పటం మీద వంతెన నుంచి సాంత్ ఫ్వా మందిరం దాకా ఎన్ని కాంటూరు రేఖలు దాటాలో కూడా రాసుకోండి.

వచ్చే పాఠంలో ఆలయం లోపలికి వెళ్దాం. సమీపంలోని రొదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సులాజ్ 1987 నుంచి 1994 వరకు పనిచేసి అక్కడ అమర్చిన 104 కిటికీల గాజు, బయటి వెలుగును బట్టి రంగు ఎలా మారుతుందో గమనించడం అప్పుడు నేర్చుకుందాం.