ఎర్టిగాలో పండుకుంట నేపాల్ పోవాలంటే: ముందు కాయితాలు, తర్వాత కట్టెపని

సొంత బండి మీద మొదటిసారి వేరే దేశం పోదామనుకునే మన వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కోళ్లకు నేను చెప్పేది నేపాలే. వీసా లేదు, మన లైసెన్స్ చెల్లుతది, ఎడమపక్కనే నడుపుతరు, కార్నెట్ అనే కస్టమ్స్ పుస్తకం కూడా అక్కర్లేదు. భూటాన్ కూడా మస్తుంటది గానీ అక్కడ మనోళ్లకు మనిషికి రాత్రికి 1,200 రూపాయల ఫీజు ఉంది, నలుగురుంటే లెక్క ఏసుకోండి.

చాలామంది వీడియోలు చూసి బండిల మంచం చేపిచ్చేటందుకు సీదా కార్పెంటర్ దగ్గరికి ఉరుకుతరు, దయచేసి అట్ల చేయకుండ్రి, ముందు ఆర్సీ తీసి చదవండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గదే గట్టిగ చెప్పింది. అంటే సీట్లు పీకేసుడు, టాప్ కోసి ఎత్తు పెంచుడు, బాడీకి వెల్డింగ్ కొట్టుడు వద్దు. అందుకే నాకు ఎర్టిగా లాంటి బండి నచ్చుతది, సీటు తియ్యకుండనే రెండో వరస, మూడో వరస మడిస్తే వెనకంత దాదాపు సాపుగ అయితది. పెట్రోల్‌దే చూస్కోండి, సీఎన్జీ అయితే ట్యాంకే డిక్కీ సగం తింటది.

ఇగ మంచం. ముందు పాత అట్టపెట్టెలు కోసి లోపల పరిచి కొలత తీస్కోండి, అట్ట సరిపోయినంకనే ప్లై కొయ్యాలె. 12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లై చాలు, 18 ఎంఎం అయితే ఒక్క ఫుల్ షీటే 30 కిలోల పైన తూగుతది. ఒక్కటే పెద్ద పలక కాకుండ మూడు ముక్కలు చేపిచ్చి, ముందు సీట్ల వెనకున్న సందు మీదికి వచ్చే ముక్కకు మడత బందులు పెట్టిస్తే పగలు మడిచి రాత్రి చాపుకోవచ్చు. బోల్టులు కొట్టకుండ్రి, సీట్ల దగ్గర కంపెనీ ఇచ్చిన చైల్డ్ సీట్ హుక్కులకు బెల్టులతోని గట్టిగ బిగించండి, ఎందుకంటే సడన్ బ్రేక్ కొడితే ఆ ప్లై ముక్కే వచ్చి మెడకు తగుల్తది, ఈ ఒక్క పనిల మాత్రం కక్కుర్తి పడొద్దు. కింద పరుచుకునేటందుకు మన వరంగల్ కొత్తవాడల నేసే దర్రీ (జంపఖానా) కన్నా మంచిది నాకైతే కనపడలే, కాటన్ కాబట్టి చెమట గుంజుకుంటది, ఉతికి బండి మీదనే ఆరేసుకోవచ్చు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చేది) కూడా వచ్చింది.

కరెంటుకు బండి బ్యాటరీని ముట్టొద్దు. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) 12 వోల్టుల లిథియం బ్యాటరీ వేరేగ పెడితే సుమారు 1,280 వాట్‌అవర్లు వస్తయి, 50 వాట్ల చిన్న ఫ్రిజ్ రోజుల సగం సేపు తిరిగితే 600 పోతయి, అంటే బండి కదలకపోయినా రెండు రోజులు నడుస్తది. బండి నడిచేటప్పుడు ఇంజన్ దిక్కు నుంచి వచ్చే కరెంటుతోని ఈ రెండో బ్యాటరీని నింపే డీసీ-డీసీ చార్జర్ పెట్టిస్తే నడిచేటప్పుడు నిండుతది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలె. వంట మాత్రం బయటనే, వానొచ్చినా చలిపెట్టినా లోపల స్టవ్ ముట్టియ్యొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పండుకున్నోళ్లు పండుకున్నట్టే పోతరు. అద్దాలు రెండుదిక్కుల వేలు పట్టేంత దించి దోమల జాలి కట్టుకోండి.

అన్నీ సర్దినంక, నీళ్లు నింపి, మనుషులంత ఎక్కినంక ఎనుమాముల మార్కెట్ దిక్కు ఏదన్న ధర్మకాంటా (బండ్లను తూచే కాంటా) మీద తూకం ఏపియ్యండి, కంపెనీ చెప్పిన మొత్తం బరువు దాటితే సామాను దించాల్సిందే. తర్వాత అదే బరువుతోని ఆసిఫాబాద్ దిక్కున్న కెరమెరి ఘాట్ ఎక్కి దిగి రండి, దిగేటప్పుడు బ్రేక్ మీదనే కాలు పెట్టకుండ రెండో గేర్ల దింపుడు అలవాటు చేస్కోండి, చలికాలం అయితే ఆదిలాబాద్ దిక్కు ఒక రాత్రి బండిలనే పండుకుంటే దుప్పటి చాల్తదో లేదో కూడా తెలుస్తది.

కాయితాలల్ల అందరు మర్చిపోయేది ఇన్సూరెన్స్. మామూలు పాలసీ ఇండియాలనే పనిచేస్తది, నేపాల్‌కు కూడా వర్తించేటట్టు కొంచెం ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే కాయితం) రాయించుకోవాలె. 15 నుంచి 65 ఏండ్ల మధ్య ఉన్నోళ్లు ఆధార్ పట్టుకపోతే లాభం లేదు, పాస్‌పోర్ట్ లేకుంటే ఓటర్ కార్డు. ఒరిజినల్ ఆర్సీ ఉండాలె, బండి అన్న పేరు మీదనో బావ పేరు మీదనో ఉంటే ఆయన సంతకం పెట్టిన లెటర్ తీస్కపోండి.

దారి చంద్రాపూర్, నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్, బార్డర్ మీదున్న సోనౌలి, సుమారు 1,400 కిలోమీటర్లు. బార్డర్ దాటంగనే భన్సార్ (నేపాల్ కస్టమ్స్) ఆఫీసుల బండికి రోజుల లెక్కన పైసలు కట్టి పర్మిట్ తీస్కోవాలె, ఏడాదికి 30 రోజులే ఇస్తరు, ఒక రోజు ఎక్కువే రాయించుకోండి, దాటితే ఫైన్ పడ్తది. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, వంద నోట్లు దండిగ పెట్టుకోండి.

వానాకాలం మాత్రం అస్సలొద్దు. 2024 జులైలో నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ రోడ్డు మీద కొండ విరిగి పడి రెండు బస్సులు త్రిశూలి నదిల కొట్టుకపోయినయి. అక్టోబర్ ఆఖరు, నవంబర్ మంచిది, మంచుకొండలు కూడా సాఫ్‌గ కనపడ్తయి. సోనౌలి దాటేసరికి పొద్దుగూకితే బుట్వల్‌లనే పండుకోండి, పోఖరా పోయే ఘాట్ రోడ్డు తెల్లారినంకనే ఎక్కండి.