అరణియార్‌లో గాలం వేయాలంటే

తిరుపతిలో డ్యాం అంటే అందరి నోటా ముందొచ్చేది కల్యాణి డ్యామే. అది ఊరికీ కొండకూ తాగునీరిచ్చే జలాశయం, గాలం పట్టుకుని వెళ్లే చోటు కాదు. పిల్లలతో ఒక పూట నీళ్లొడ్డున కూర్చోవాలనుకుంటే నేను పిచ్చాటూరు అరణియార్ ప్రాజెక్టుకే వెళ్తాను. పుత్తూరు, నారాయణవనం దాటి ఊత్తుకోట రోడ్డు పట్టుకుంటే చాలు.

నిండితే దాదాపు 1.85 టీఎంసీల నీళ్లు. నిండేది ఈశాన్య రుతుపవనాలకే, అంటే అక్టోబరు, డిసెంబరు మధ్య. గేట్లెత్తే రోజుల్లో దూరం నుంచి చూసి రండి, గాలం మాత్రం ఇంట్లోనే ఉంచండి. సంక్రాంతి దాటి నీళ్లు తేరుకున్నాక వెళ్తే బాగుంటుంది.

ముందు పర్మిషన్. ఇలాంటి జలాశయాల్లో చేపలు పట్టే హక్కు లైసెన్సున్న మత్స్యకారులది, వాళ్ల బతుకు అదే. ఒడ్డున వల సర్దుకుంటున్నవాళ్లను చూసి, "అన్నా, పిల్లోళ్లతో వచ్చినాం, గాలం వేసుకోవచ్చునా?" అని అడగండి. వద్దంటే వద్దు, వాదించొద్దు. సరేనంటే ఆ రోజు చేప ఏ మూల తిరుగుతోందో కూడా వాళ్లే చెప్తారు.

తూము దగ్గర, గేట్ల కింద కూర్చోవద్దు. నీళ్లు వెనక్కి తగ్గి, మునిగిన తుమ్మ మోడులు పైకి తేలే పక్కకు వెళ్లండి. జిలేబి (తిలాపియా) చేపలు ఆ మోడుల చుట్టూనే మేస్తుంటాయి. అక్కడ అడుగున బురద ఎంత లోతో పైకి తెలియదు కాబట్టి పిల్లల్ని నీళ్లలోకి దించకండి.

ఎరకు వానపాములు సరే, కానీ నాకు నమ్మకం రాగి సంగటి మీద. రాత్రి మిగిలిన ముద్దలో చెనక్కాయ చెక్క పొడి కలిపి, చేతికి అంటుకోనంత గట్టిగా పిసకాలి. బఠానీ గింజంత తీసి కొక్కెం మొన కనబడకుండా అద్దాలి. వదులుగా ఉంటే నీళ్లలో పడగానే కరిగిపోతుంది.

ఇక చూపంతా దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు మీదే. టకటకా అదిరితే చిన్న జిలేబి కొరుకుతోందని, అప్పుడు లాగితే కొక్కెం ఒట్టిదే వస్తుంది. బెండు ఒక పక్కకు నిదానంగా జరిగి మునిగితే శీలావతి (రోహు) కావచ్చు. మునిగేదాకా ఆగి, మణికట్టుతో ఒక్క గుంజు గుంజండి. భుజంతో లాగితే దారం తెగుతుంది. జిలేబి వీపు ముళ్లు గుచ్చుకుంటాయి, తల నుంచి తోక వైపు అరచేత్తో నిమురుతూ పట్టుకోవాలి. జెల్లకు పక్క రెక్కల్లోనూ ముల్లుంటుంది, దాన్ని పిల్లల చేతికివ్వొద్దు. అరచేయంత కూడా లేని పిల్ల చేపను తడి చేత్తో పట్టి తిరిగి వదిలేయండి.

తెగిన నైలాన్ దారం ఒక్క ముక్క కూడా ఒడ్డున వదలకండి. కొంగల కాళ్లకు చుట్టుకుంటే అవి ఎగరలేవు. ఈ మాట నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను, విసుక్కున్నా చెప్తాను.

పక్కనే ఉన్న నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి ఉంది. అక్కడ స్వామిది మత్స్యావతారం. మా ఇంట్లో పద్ధతి ప్రకారం పొద్దున్నే దర్శనం చేసుకుని, ఆ తర్వాతే చెరువు ముఖం చూస్తాం. ఎండలు ముదిరితే ఐస్ డబ్బా తప్పనిసరి. శీలావతి పులుసుకు, జిలేబి వేపుడుకు.