సే, టెల్, స్పీక్, టాక్: ఎక్కడ ఏది వాడాలి?

ఇంగ్లీషులో ఈ నాలుగు క్రియలనూ మనవారు తరచుగా ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటారు. చిత్రమేమిటంటే, తెలుగులో 'అను', 'చెప్పు', 'మాట్లాడు' అనే మాటల దగ్గర ఎవరూ తడబడరు. ఆ తేడానే ఆనవాలుగా పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

'సే' దాదాపు మన 'అను' వంటిది. పలికిన మాట ఏమిటన్నదే దానికి ముఖ్యం కనుక, ఎవరితో అన్నారో చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది: 'హి సెడ్ హి వజ్ టయర్డ్'. 'టెల్' మన 'చెప్పు' వంటిది. విషయం ఒకరికి చేరాలి కాబట్టి ఆ మనిషి సాధారణంగా క్రియ వెంటనే రావాలి: 'హి టోల్డ్ మి హి వజ్ టయర్డ్'.

మనం ఎక్కువగా జారిపడేది ఇక్కడే. తెలుగులో 'నాకు చెప్పాడు', 'నాతో చెప్పాడు' అంటూ విభక్తి చేర్చే అలవాటు వల్ల 'హి టోల్డ్ టు మి' అని నోటికి వచ్చేస్తుంది. ఆ 'టు' అక్కడ ఉండకూడదు. 'సే' సంగతి దీనికి తలకిందులు: మనిషిని తేవాలంటే 'హి సెడ్ టు మి' అని తీరాలి, 'హి సెడ్ మి' తప్పు. 'వాడు నన్ను అన్నాడు' అని మనం మందలింపు అర్థంలో వాడే మాటను కూడా 'సే'తో చెప్పలేము; దానికి 'హి టోల్డ్ మి ఆఫ్' అనాలి. 'రోజూ నడవమని డాక్టరు గారు చెప్పారు' వంటి ఆదేశాలకు 'ద డాక్టర్ టోల్డ్ మి టు వాక్ ఎవ్రీ డే' అంటే సరిపోతుంది.

కొన్ని జతలను మాత్రం అలాగే గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదు. నిజం, అబద్ధం, కథ అనే మాటలకు 'టెల్' వస్తుంది. హలో, సారీ, యెస్ అనేవాటికి 'సే' వస్తుంది. గోడ మీది బోర్డులో ఏముందో చెప్పడానికీ 'సే'నే వాడతారు: 'ద బోర్డ్ సెజ్ నో పార్కింగ్'. ఈ 'సెజ్'ను 'సేస్' అనీ, 'సెడ్'ను 'సెయిడ్' అనీ పలకకూడదు.

మిగిలిన రెండూ 'మాట్లాడు'కు చెందినవే. భాష పేరు వస్తే 'స్పీక్' వాడాలి. 'షి స్పీక్స్ తెలుగు' అంటారు గాని 'టాక్స్ తెలుగు' అనడం వాడుక కాదు. సభలో ఒకరే ప్రసంగించినా 'స్పీక్' నప్పుతుంది, ఇద్దరు కూర్చుని కబుర్లాడుకుంటే 'టాక్' సహజంగా ఉంటుంది.

ఇక ఫోను ఎత్తగానే మనం మర్యాదగా అనే 'చెప్పండి'ని చాలామంది యథాతథంగా 'టెల్ మి' అని మార్చేస్తారు. తెలుగులోని ఆ ఆదరం ఇంగ్లీషులోకి దాటదు. అవతలివారికి అది నిలదీసినట్లు వినిపించవచ్చు. అక్కడ 'హలో, హౌ కెన్ ఐ హెల్ప్ యు?' అనడం మేలు.