యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలితే: రాజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

యాక్సిడెంట్ అయిన రోజు సాయంత్రానికే హాస్పిటల్ దగ్గరకు ఎవరో ఒకరు వచ్చి "కేసులెందుకండీ, వైద్యం ఖర్చు మేమే పెట్టుకుంటాం" అంటారు. ఆ టెన్షన్‌లో ఇంట్లోవాళ్లు సరే అనేస్తారు. దయచేసి అనొద్దు. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కట్టాల్సింది కంపెనీ. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి, అవతలి మనిషికి తగిలిన దెబ్బల వరకు ఆ పాలసీలో ఇంత డబ్బే ఇస్తామన్న పరిమితి కూడా లేదు. ఓనర్ చేతిలో పెట్టే పాతిక వేలకో యాభై వేలకో ఆ హక్కు వదులుకుంటే, ఆరు నెలల తర్వాత కాలికి రెండో ఆపరేషన్ అన్నప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు.

ముందు వైద్యం. 108కో 112కో ఫోన్ చేయండి. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా చికిత్స అందాలి. ఆ పథకం కింద చికిత్స ఇవ్వమని ఆసుపత్రి వాళ్లను అడగండి, అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

ఇక్కడే కేసులు పాడైపోయే చోటు ఒకటుంది. పోలీసుల గొడవ ఎందుకని కొందరు డాక్టరుతో "బండి జారి పడ్డాడు" అని చెప్పేస్తారు. డ్యూటీ డాక్టరు అదే కేస్ షీట్‌లో రాసేస్తాడు. తర్వాత లారీ గుద్దిందని క్లెయిమ్ వేస్తే, ఇన్సూరెన్స్ వాళ్ల లాయరు ముందుగా చూపించేది ఆ ఒక్క వాక్యాన్నే. కాబట్టి ఏ బండి గుద్దిందో, ఎక్కడ జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయాల కేసుగా) నమోదు చేయించండి.

ఆ వెంటనే ఎఫ్ఐఆర్. ప్రాణం మీదకొచ్చినప్పుడు స్టేషన్‌కి పరిగెత్తలేదని ఎవరూ తప్పుపట్టరు, ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కాకపోతే ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే రాయండి. బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు ఉండాలి. నంబరు దొరికితే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడొచ్చు. 2022 రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కూ (యాక్సిడెంట్ పరిహారం కేసులు తేల్చే కోర్టు) ఇన్సూరెన్స్ కంపెనీకీ మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి వివరాల రిపోర్టు ఇవ్వాలి. ఇచ్చారా అని మీరే వెళ్లి అడుగుతూ ఉండాలి.

గుద్ది పారిపోయి బండి ఏదో తెలియకపోయినా దారి ఉంది: ఆర్డీవో లేదా తహసీల్దార్ స్థాయి అధికారికి దరఖాస్తు పెడితే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు వస్తాయి.

బండి తెలిసినప్పుడు రెండు దారులు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద ఎవరి తప్పో నిరూపించక్కర్లేదు, కానీ తీవ్ర గాయాలకు 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు, అంతే. సెక్షన్ 166 కింద అవతలి డ్రైవర్ నిర్లక్ష్యం చూపించాలి, పరిహారం మాత్రం మీకు జరిగిన నష్టాన్ని బట్టి లెక్కగడతారు. 164 కింద డబ్బు తీసుకుంటే 166 కేసు రద్దయిపోతుంది, అందుకే కంపెనీ అధికారి త్వరగా ఇస్తామంటే ఏ సెక్షన్ కిందో అడగకుండా సంతకం చేయొద్దు. 166 కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయక్కర్లేదు, మీరు ఉండే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు.

ఇక లెక్క. ఇది ప్రతి బాధితుడికీ తెలియాలని నా పట్టుదల, ఎందుకంటే ఇది తెలియకే జనం తక్కువకు ఒప్పుకుంటున్నారు. ఉదాహరణకి 32 ఏళ్ల మనిషి, సొంత పని, నెలకు 20 వేల ఆదాయం, శాశ్వత వైకల్యం వల్ల సంపాదించే శక్తి 30 శాతం తగ్గింది అనుకుందాం. ఏడాదికి 2,40,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయానికి 40 శాతం కలిపితే 3,36,000. అందులో 30 శాతం 1,00,800. సుప్రీంకోర్టు 2009లో ఖరారు చేసిన పట్టికలో 31 నుంచి 35 ఏళ్ల వారికి గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చవేసే సంఖ్య) 16, అంటే 16,12,800. దీనికి ఆసుపత్రి బిల్లులు, మంచం మీద ఉన్నన్నాళ్లు పోయిన జీతం, ముందు ముందు అయ్యే వైద్యం, అనుభవించిన బాధ, అన్నీ వేరుగా కలుస్తాయి. వైకల్యం సర్టిఫికెట్‌లోని శాతమే సంపాదన నష్టం కాదని కూడా 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: చెయ్యి పోయిన డ్రైవర్ ఇక ఆ పనే చేయలేడు, అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగొచ్చు. కాబట్టి మీరు ఏ పని చేసేవారో, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నారో సాక్ష్యంతో చూపించాలి. ప్రతి బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే, ఆటో ఖర్చుల చీటీ దాచండి. జీతం స్లిప్పు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, మేస్త్రీ సాక్ష్యం కూడా పనికొస్తాయి.

బైక్ వెనక కూర్చున్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. నడిపిన మీవాడిదే తప్పయి, ఆ బైక్‌కి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, వెనకున్న మనిషికి ఆ పాలసీ వర్తించదు, ప్యాకేజీ పాలసీ (సొంత బండి నష్టానికి కూడా కవర్ ఉండేది) అయితే వర్తిస్తుంది. తప్పు అవతలి బండిదైతే ఈ సమస్యే లేదు. నడిపే ఓనర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో పాలసీలో చూడండి, అది ఉన్నా క్లెయిమ్ చేయనివాళ్లు ఎందరో. ఇక అవతలి డ్రైవర్‌కి లైసెన్స్ లేదని కంపెనీ తప్పుకోబోతే భయపడొద్దు, అలాంటప్పుడు ముందు కంపెనీనే కట్టమని, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలాసార్లు ఆదేశించాయి.

లాయర్ విషయానికొస్తే, వచ్చిన పరిహారంలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు ఎవరడిగినా ఇవ్వొద్దు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది.

కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌కు (రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీతో కేసు ముగించే వేదిక) పిలుపు రావొచ్చు. డబ్బు త్వరగా చేతికొస్తుంది, మంచిదే. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. పైన చెప్పిన లెక్క మీ వయసుకీ మీ ఆదాయానికీ ముందే వేయించుకుని, ఎంతకు తగ్గితే ఒప్పుకోరో ఇంట్లో అనుకునే వెళ్లండి.