మార్చిలో ఫీనిక్స్ వస్తున్నారా? బేస్‌బాల్ వారాంతం ఇలా వేసుకోండి

ముందే చెప్తున్నాను, ఎవరు గెలిచారో చూడాలని అయితే స్ప్రింగ్ ట్రైనింగ్‌కి, అంటే సీజన్‌కి ముందు జట్లు చేసే సాధనకి, రాకండి. ఈ మ్యాచ్‌లు అసలు సీజన్ లెక్కలోకి రావు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు సమానంగా ఉంటే మామూలుగా అలాగే వదిలేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. పేరున్న ఆటగాళ్లు నాలుగైదు ఇన్నింగ్స్ ఆడి తప్పుకుంటారు. తర్వాత వీపు మీద 80, 90 నంబర్లు వేసుకున్న కుర్రాళ్లు దిగుతారు. మరెందుకు రావడం అంటారా? జులైలో పెద్ద స్టేడియం పై అంతస్తులోంచి చీమల్లా కనబడే మనుషులు ఇక్కడ గోడకి అవతల నిలబడి మీ పిల్లాడితో మాట్లాడతారు. అందుకు.

మేముండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఏటా ఈ సమయానికి కాలిఫోర్నియా నుంచి మావాళ్లు దిగుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే వాళ్లూ వెంట ఉంటారు. వాళ్లకి చెప్పేదే మీకూ చెప్తున్నాను.

అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి మేజర్ లీగ్. అందులో ఉన్న 30 జట్లలో 15 ఫ్లోరిడాలో, 15 ఇక్కడ అరిజోనాలో సాధన చేస్తాయి. ఇక్కడిదాన్ని కాక్టస్ లీగ్ అంటారు. 1947లో క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్‌కి, జెయింట్స్ ఫీనిక్స్‌కి రావడంతో మొదలైంది. ఇప్పుడు ఫీనిక్స్ చుట్టూ పది స్టేడియాలున్నాయి. ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి నాలుగో వారం దాకా దాదాపు రోజూ మ్యాచ్‌లే, ఎక్కువగా మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. రోజుకి రెండు చూసేద్దామని ఉత్సాహపడకండి. ఎండలో ఒకటి చాలు.

ఏ స్టేడియం అన్నదే అసలు ప్రశ్న. మొదటిసారి వచ్చేవాళ్లకి నేను శనివారానికి సాల్ట్ రివర్ ఫీల్డ్స్ చెప్తాను. స్కాట్స్‌డేల్ పక్కన, సాల్ట్ రివర్ పీమా-మారికోపా ఆదివాసుల సొంత భూమిలో 2011లో కట్టారు. డైమండ్‌బ్యాక్స్, రాకీస్ జట్లు రెండూ అక్కడే ఉంటాయి. నడవడానికి బోలెడు చోటు, వెనక కొండలు, పిల్లలు దొర్లడానికి పచ్చిక. మెసాలో కబ్స్ వాళ్ల స్లోన్ పార్క్ సందడి వేరే స్థాయిలో ఉంటుంది కానీ శనాదివారాల్లో టికెట్ ధర చూస్తే మనసు రాదు. డాడ్జర్స్ ఉండే క్యామెల్‌బ్యాక్ రాంచ్‌దీ అదే కథ, జపాన్ స్టార్ ఒతానీ ఆ జట్టులోకి వచ్చాక మరీను. మనవాళ్ల పేరు కనిపిస్తే చాలనుకునేవాళ్లు రేంజర్స్ ఉండే సర్‌ప్రైజ్‌కి వెళ్లండి. తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ అనే పిచర్‌ని, అంటే బంతి వేసేవాడిని, ఆ జట్టు 2022 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునేది) మూడో ఎంపికగా తీసుకుంది. అయితే ఆ రోజు బంతి వేసేది ఎవరో ముందు చూసుకోండి. పిచర్లు రోజూ ఆడరు.

టికెట్ కొనేముందు రెండు సంగతులు. షెడ్యూల్‌లో జట్టు పేరు పక్కన ‘ఎస్‌ఎస్’ అని ఉంటే ఆ రోజు జట్టు రెండుగా చీలి రెండు చోట్ల ఆడుతోందని అర్థం. మీరు చూడాలనుకున్న మనిషి రెండో చోట ఉండొచ్చు. అలాగే పేరున్నవాళ్లు వేరే స్టేడియాలకి ప్రయాణం చెయ్యడం తక్కువ. ఒతానీ కోసం అయితే డాడ్జర్స్ సొంత మైదానంలో ఆడే రోజే కొనండి. పొరుగున ఆడుతున్నారు, టికెట్ చవగ్గా ఉందని కొన్నారనుకోండి, ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో కూడా కనబడడు.

ఇక ఎండ. మార్చే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అవుట్‌ఫీల్డ్ వెనకుండే గడ్డి గట్టు, లాన్ అంటారు, అక్కడ ఒక్క చెట్టు నీడ ఉండదు. అన్నిటికంటే చవక టికెట్టూ అదే, పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. పెద్దవాళ్లని మాత్రం అక్కడ కూర్చోబెట్టకండి. వాళ్లకి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, పైకప్పు కింద పడే పై వరసల్లో సీట్లు తియ్యండి. సీటు టికెట్ ఉన్నవాళ్లు లాన్ మీదకి వచ్చి కాసేపు కూర్చోవచ్చు, లాన్ టికెట్‌తో సీట్లోకి వెళ్లలేరు. అందుకే మేం సగం సగం కొంటాం. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకి అడ్డం. టోపీ, సన్‌స్క్రీన్, లాన్ మీద పరచడానికి పాత దుప్పటి చాలు. కుర్చీలు రానివ్వరు.

తిండి విషయంలో ఒక్కో స్టేడియానిది ఒక్కో రూలు. సంచి ఎంత సైజు ఉండాలో, నీళ్ల సీసా ఎలాంటిది తేవచ్చో ముందురోజు రాత్రి వాళ్ల సైట్‌లో చూసుకోండి. మా పద్ధతి మాత్రం మారదు. పన్నెండు లోపే పార్కింగ్‌లో డిక్కీ ఎత్తి, పులిహోర, బంగాళాదుంప వేపుడు అక్కడే తినేసి లోపలికి వెళ్తాం. పక్క కారువాళ్లు గ్రిల్ మీద సాసేజ్‌లు కాల్చుకుంటూ ఉంటారు, మన ఇంగువ పోపు వాసనకి తల తిప్పి చూస్తారు. లోపల మనకి దొరికేవి పాప్‌కార్న్, ప్రెట్జెల్, వేరుశనగకాయలు. ధరల గురించి మా అత్తయ్యగారి ముందు మాట్లాడను.

ఆటోగ్రాఫ్‌లు కావాలంటే గేట్లు తెరవగానే లోపలికి వెళ్లండి. డగౌట్ చివర నుంచి అవుట్‌ఫీల్డ్ వైపు గోడ ఉంటుంది, అక్కడ నిలబడాలి. బంతి మీద సంతకానికి నీలం బాల్ పాయింట్ పెన్నే ఇవ్వండి. మార్కర్‌తో పెట్టించుకుంటే కొన్నాళ్లకి సిరా తోలులోకి పాకి అక్షరాలు అలుక్కుపోతాయి. పెన్ను మూత ముందే తీసి, బంతి కుట్లు దగ్గరగా వచ్చేచోట, సంతకం పట్టేంత సన్నటి ఖాళీ పైకి వచ్చేలా పట్టుకోమని మా చిన్నవాడికి నేర్పాను. ఆటగాడికి ఆ రెండు సెకన్లు మిగిలితే ఇంకో పిల్లాడికి పెడతాడు. ఇంకో సమయం ఐదో ఇన్నింగ్స్ తర్వాత. చాలా స్టేడియాల్లో పని అయిపోయిన ఆటగాళ్లు మైదానం పక్క గీత, ఫౌల్ లైన్ అంటారు, దాని పక్కనుంచే నడిచి క్లబ్‌హౌస్‌కి (డ్రెస్సింగ్ రూమ్‌కి) వెళ్తారు.

పొద్దున్నే లేవగలిగితే వెనకున్న సాధన మైదానాలకి వెళ్లండి. కొన్ని జట్లు జనాన్ని ఉచితంగా రానిస్తాయి. నిజం చెప్పాలంటే నాకు మ్యాచ్ కన్నా అదే ఇష్టం. ఒక కోచ్ నేల మీదుగా బంతి కొడుతూనే ఉంటాడు, కుర్రాడు వంగి అందుకుని ఫస్ట్ బేస్‌కి విసురుతూనే ఉంటాడు. గ్లోవ్‌లో బంతి పడ్డ చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

ఆట తెలియని పెద్దవాళ్లకి మొత్తం రూల్స్ చెప్పి విసిగించకండి. కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతి వదిలేసినా స్ట్రైకు, మూడు స్ట్రైకులకి ఒక అవుట్, మూడు అవుట్లకి బ్యాటింగ్ మారుతుంది, రెండు గీతల బయట పడ్డది ఫౌల్. మా మావయ్యగారిది తెనాలి, క్రికెట్ మనిషి. ఆయన నిద్ర వదిలింది మాత్రం ఛాలెంజ్ చూశాకే. 2025 స్ప్రింగ్‌లో చాలా స్టేడియాల్లో పెట్టి చూశారు. స్ట్రైకా కాదా అని అంపైర్ చెప్పింది నచ్చకపోతే బ్యాటర్ గానీ, పిచర్ గానీ, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గానీ నెత్తి తట్టుకుంటాడు, బంతి దారి తెర మీద వేస్తారు. “డీఆర్‌ఎస్సే కదమ్మా ఇది!” అని ఆ తర్వాత ప్రతి బంతికీ ఆయనే తీర్పు చెప్పారు. బంతికీ బంతికీ మధ్య గడియారం కూడా ఉంది. బేసుల మీద పరుగుకి నిలబడ్డవాళ్లు ఎవరూ లేకపోతే 15 సెకన్లలో వెయ్యాలి. 2023లో అది వచ్చాక ఆట సాగదియ్యడం తగ్గింది.

పిల్లల మీద ఒక కన్ను వేసి ఉంచండి. వల లేని వైపు కూర్చుంటే బ్యాటర్ ఉన్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి. ఫౌల్ బాల్ చెప్పి రాదు.

లాస్ ఏంజెలెస్ వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆదివారం నా సలహా గుడ్‌ఇయర్. గార్డియన్స్, రెడ్స్ ఉండే ఆ స్టేడియం ఊరికి పడమటి వైపు, మీరు వెళ్లే ఐ-10 దారిలోనే పడుతుంది. జనం పల్చగా ఉంటారు, టికెట్లూ తేలిగ్గా దొరుకుతాయి. సామాను కార్లో వేసుకునే మ్యాచ్‌కి వెళ్లండి, ఏడో ఇన్నింగ్స్‌లో అందరూ లేచి పాట పాడేదాకా ఉండి బయల్దేరండి. కార్లో గ్యాస్ (పెట్రోల్) అక్కడే నింపుకోండి, దాటాక ఎడారి. టైమ్ కూడా చూసుకోండి. కాలిఫోర్నియాలోలా అరిజోనా మార్చిలో గడియారం గంట ముందుకి జరపదు. మార్చి రెండో ఆదివారానికి ముందైతే వచ్చేటప్పుడు మీకు ఒక గంట పోతుంది, అంటే ఇక్కడ ఒంటిగంట మ్యాచ్ మీ లెక్కలో పన్నెండుకే మొదలు. ఆ ఆదివారం నుంచి రెండు చోట్లా ఒకటే టైమ్.