పెరటి బండకు ఏ తీగ పెట్టాలి?

పెరట్లో నిలువెత్తు బండ ఉన్నవారు తీగను ఎంచుకునేటప్పుడు సాధారణంగా పువ్వు రంగు చూస్తారు గానీ, ముందుగా చూడవలసింది ఆ తీగ దేనిని పట్టుకొని పైకి పాకుతుందన్నది. శంఖుపుష్పం, రాధామనోహరం, తిప్పతీగ వంటివి సన్నని ఆధారం ఏదైనా దొరికితే దానికి చుట్టుకుంటూ పోతాయి. దొండ, కాకర నులితీగలతో పట్టుకుంటాయి. కాగితపు పూల చెట్టు ముళ్లను తగిలించుకుంటూ ఎగబాకుతుంది. నున్నని రాయి వీటిలో దేనికీ ఆసరా ఇవ్వదు. కణుపుల దగ్గర వేళ్లు పుట్టించుకొని రాతినే కరుచుకునేవి క్రీపింగ్ ఫిగ్, మనీప్లాంటు వంటి కొన్ని మాత్రమే. వాటికి కూడా రాయి గరుకుగా ఉంటేనే పట్టు దొరుకుతుంది.

ఇక మన ప్రాంతపు ఎండ సంగతి. చీమకుర్తి నల్లరాయి వంటి ముదురు రంగు బండ మే నెల మధ్యాహ్నం చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంది, పొద్దుగూకిన తరువాత కూడా చాలాసేపు ఆ వేడిని వదలదు. బండకు ఉత్తరపు వైపు ఎప్పుడూ నీడ ఉంటుందని తోటపని పుస్తకాలలో రాస్తారు గానీ, అది మనకు చలికాలంలోనే నిజం. మే నుంచి జులై దాకా ఒంగోలు, నెల్లూరులలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందువల్ల రాతిని అతుక్కొనే తీగలకు, ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు ముఖమే మేలు. నేను ఈ లెక్క చూసుకోకుండా ఒక ఏప్రిల్‌లో పడమటి ముఖాన క్రీపింగ్ ఫిగ్ నాటాను. పదిహేను రోజులలో ఆకులు అప్పడాలలా ఎండి చేతిలో పొడి అయ్యాయి.

పడమటి, దక్షిణపు ముఖాలకు నా మొదటి ఓటు నల్లేరుకే. పలకలు పలకలుగా ఉండే దాని కాడలోనే నీరు నిలవ ఉంటుంది కనుక, ఇతర మొక్కలు సొమ్మసిల్లే చోట కూడా అది నిలుస్తుంది. దానిని కింద నాటి పైకి ఎక్కించడం కన్నా, బండ తలపై ఉన్న గుంటలో ఎర్రమట్టి, ఇసుక కలిపి నింపి, రెండు మూడు కణుపులున్న ముక్కలను రెండు రోజులు నీడన ఆరబెట్టి గుచ్చితే, అవి వేళ్లూని రాతి అంచు మీదుగా కిందికి జారుతాయి. పచ్చి నల్లేరు తగిలితే చేతులు దురద పెడతాయి కాబట్టి, పచ్చడికి తుంచేటప్పుడు రాసుకున్నట్టే నూనె రాసుకొని పట్టుకోవాలి. అదే గుంటలో పిల్లిపీచర కూడా అందంగా వేలాడుతుంది గానీ దానికి ముళ్లుంటాయి; దారి పక్కన వద్దు.

పూలు కావాలనుకుంటే కాగితపు పూల చెట్టు సరైనది, బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నా తట్టుకుంటుంది. దానిని బండకు అడుగున్నర దూరంలో నాటి, కొమ్మలను బండ వైపు వంచి కట్టాలి. క్వారీ నుంచి వచ్చిన దిమ్మెలైతే పక్కలలో డ్రిల్లు వేసిన నిలువు గాళ్లు వరుసగా కనిపిస్తాయి. పై నుంచి కింది దాకా ఆ గాడిలో కొబ్బరి తాడు దించి రెండు చివరలా బిగిస్తే, శంఖుపుష్పం దానినే చుట్టుకొని ఎక్కిపోతుంది. ఇనుప వైరు ఎండకు కాలి లేత కొనలను మాడ్చుతుంది కనుక నేను వాడను. రాధామనోహరం మాత్రం చిన్న బండకు పెట్టకూడదు, రెండేళ్లలో రాయి జాడే తెలియదు. గురివింద గింజలు విషం, పిల్లలున్న ఇంట ఆ తీగ ఊసే వద్దు.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైనప్పుడు నాటితే వేసవి వచ్చేలోగా వేళ్లు లోతుకు పోతాయి. తీగలు గుబురుగా పెరిగాక బండ మొదట్లో అడుగెత్తు వరకు ఆకులు కత్తిరించి ఖాళీగా ఉంచాలి. ఆ చల్లదనానికి తేళ్లు, పాములు చేరతాయి, నీళ్లు పోసేటప్పుడు కాలు పెట్టే చోటు కంటికి కనబడాలి.